నైట్ డ్యూటీ వారంలో పిల్ల ఎక్కడ పడుకుంటుంది

కరోనా తర్వాత కోర్టులు తెరల మీద నుంచి దిగి మళ్లీ మనుషులతో నడవడం మొదలుపెట్టిన ఏడాది, జూన్‌లో వేసవి సెలవులు ముగిసిన మొదటి వారంలో, ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లా న్యాయ సేవా సంస్థ నాకు ఒక కస్టడీ కేసు అప్పగించింది. అప్పటికి నేను ఆ సంస్థ ప్యానెల్లో చాలాకాలంగా ఉన్న వకీలుని. ప్యానెల్ వకీలు అంటే సొంతంగా వకీలుని పెట్టుకోలేనివారి తరఫున ప్రభుత్వ ఖర్చుతో వాదించే మనిషి. స్త్రీలకూ పిల్లలకూ ఈ సాయం ఆదాయంతో నిమిత్తం లేకుండా దొరుకుతుంది. ఈ సంగతి చాలామంది స్త్రీలకు తెలియదు. తెలిసినవారికి నమ్మకం ఉండదు. ఉచితంగా వచ్చిన వకీలు ఉచితంగానే ఓడిపోతుందని వారి అనుమానం.

ఇంకో ముక్క కూడా ముందే చెప్పాలి. ఫ్యామిలీ కోర్టులో వకీలు హక్కుగా నిలబడదు, జడ్జిగారి అనుమతితో నిలబడుతుంది. చట్టం అలాగే ఉంది. భార్యాభర్తలు తమ మాట తామే చెప్పుకోవాలని దాని ఉద్దేశం. అక్కడ మా పరిస్థితి పెళ్లింట్లో ఫొటోగ్రాఫరు లాంటిది. అందరికీ కావాలి, కూర్చోమని మాత్రం ఎవరూ అనరు.

నా క్లయింటు పేరు సునీత. తండ్రి కాకినాడ వైపు నుంచి వచ్చి భిలాయి స్టీల్ ప్లాంటులో పనిచేసి పోయారు. ఆయన లీజుకు తీసుకున్న సెక్టర్ 7 క్వార్టరులో ఎనిమిదేళ్ల కూతురు రూతుతో ఉంటోంది. ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సు. భర్త ప్రభాకర్‌కి భిలాయిలోనే వైశాలి నగర్‌లో టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చే వ్యాపారం. రెండేళ్లుగా ఇద్దరూ వేరుగా ఉంటున్నారు. ఎందుకు విడిపోయారో ఇద్దరూ చెప్పారు. రెండు కారణాలకూ పొంతన లేదు కాబట్టి రెండూ వదిలేస్తున్నాను.

ప్రభాకర్ పిటిషను వేశాడు. క్రైస్తవ కుటుంబం కాబట్టి హిందువుల సంరక్షణ చట్టం వర్తించదు. అన్ని మతాలవారికీ ఉన్న పాత గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద నడవాలి. ఆ చట్టం మా తాతగారికంటే పాతది, ఆయనకంటే గట్టిగా ఉంది. దాని సారం ఒక్కటే: తల్లి హక్కూ కాదు, తండ్రి హక్కూ కాదు, పిల్ల మేలు ముఖ్యం. పిటిషనులో అసలు ఆరోపణ కూడా ఒక్కటే. తల్లికి నైట్ డ్యూటీలు ఉన్నాయి, ఆ రాత్రుల్లో పిల్ల పరాయి ఇళ్లలో పడుకుంటోంది. అందుచేత కేసు తేలేలోగా పిల్లని తనకి అప్పగిస్తే, అనకాపల్లిలో తన అక్క దగ్గర ఉంచి అక్కడి స్కూల్లో చేరుస్తానని మధ్యంతర దరఖాస్తు కూడా పెట్టాడు. స్కూళ్లు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. అక్కడ సీటు కూడా మాట్లాడి ఉంచాడు.

నాకు కంగారు పుట్టించింది అసలు పిటిషను కాదు, ఈ దరఖాస్తు. కస్టడీ కేసుల్లో మధ్యంతరం అనే మాటని నమ్మడానికి లేదు. పిల్ల ఒకసారి రాష్ట్రం దాటి, కొత్త స్కూల్లో చేరి, అక్కడ స్నేహితులు కుదిరాక, ఆ పిల్లని మళ్లీ కదిపితే మేలు కాదని ఏ జడ్జిగారికైనా అనిపిస్తుంది. తల్లి ఓడిపోదు. ఊరికే ఆలస్యమైపోతుంది.

సునీత మొదటిసారి వచ్చినప్పుడు డ్యూటీ నుంచి తిన్నగా వచ్చింది. కాళ్లకి తెల్ల బూట్లు, కళ్ల కింద నలుపు. నైట్ డ్యూటీ సంగతి నిజమేనా అని అడిగాను. నిజమే. మూడు వారాలకోసారి వారమంతా నైట్. ఆ వారంలో రూతు పై అంతస్తు సాహు దీదీ ఇంట్లో పడుకుంటుంది. సాహుగారు ప్లాంటు మనిషి. ఆయనకీ నైట్ పడి, దీదీ వాళ్ల అమ్మ దగ్గరకి రిసాలి వెళితే, అప్పుడు పక్క క్వార్టరు ఎస్తేరు టీచరు ఇంట్లో. టౌన్‌షిప్‌లో పెరిగినవాళ్లకి ఇందులో వింతేమీ లేదు. మా నాన్నగారూ ప్లాంటులోనే, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో చేసేవారు. ఆయన నైట్‌కి వెళ్లి, అమ్మ ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో నేనూ మూడిళ్ల పరుపుల మీద పెరిగాను. కాగితం మీద పెడితే మాత్రం అది పరాయి ఇల్లే.

కోర్టుకి ఇచ్చే జవాబులో ఇదంతా ఉన్నదున్నట్టు రాస్తానన్నాను. సునీత ముఖం పాలిపోయింది.

“మేడమ్ జీ, నైట్ అని మనమే రాసేస్తే ఇంక కేసులో ఏటి మిగులుద్ది? పిల్లని మనమే తెచ్చి ఆళ్ల చేతిలో పెట్టినట్టు గదా!”

ఆస్పత్రి డ్యూటీ దాగేది కాదని, దాచినట్టు తేలితే అసలు విషయంకంటే దాచడమే పెద్ద నేరంగా కనిపిస్తుందని చెప్పాను. చాలాసేపటికి ఒప్పుకుంది. హిందీలో ఉన్న జవాబుని పేరా పేరా చదివి వినిపించాను. ప్రమాణ పత్రం మీద సంతకం పెట్టింది.  

ఆ తర్వాత జడ్జిగారు పిల్లతో ఛాంబర్‌లో మాట్లాడతానని తేదీ ఇచ్చారు. పిల్లకి ఊహ తెలిసి ఉంటే ఆమె ఇష్టం కూడా కోర్టు చూడవచ్చు. అలాంటప్పుడు పిల్లని బోనులో నిలబెట్టరు, ప్రమాణం చేయించరు. జడ్జిగారు తన గదిలో కూర్చోబెట్టి, మామూలుగా కబుర్లు చెబుతారు. కోర్టు కౌన్సెలరు ఒకరు పక్కన ఉంటారు. తల్లిదండ్రులకీ వకీళ్లకీ ప్రవేశం లేదు. పిల్లకి ఏదీ నేర్పవద్దని, నేర్పినట్టు కనిపిస్తే అది తల్లి మీదకే తిరుగుతుందని సునీతకి రెండుసార్లు చెప్పాను. తల ఊపింది. తల ఊపడం మన పక్షాన సాక్ష్యంగా చెల్లదని వకీలుకి వేరే చెప్పనక్కర్లేదు.

ఆ రోజు, స్కూళ్లు తెరిచిన వారం తర్వాత, దుర్గ్ కోర్టు వరండాలో ఒక చివర సునీత, ఇంకో చివర ప్రభాకర్ నిలబడ్డారు. సునీతకి తోడుగా ఎస్తేరు టీచరు వచ్చింది. శ్రీకాకుళం వైపు మనిషి. స్కూలు టీచరుగా రిటైరై, చర్చిలో సండే స్కూలు నడుపుతోంది. సెక్టర్ 7లో తెలుగు క్రైస్తవుల పిల్లలందరూ ఆమె చేతిలో వాక్యాలు కంఠతా పట్టినవారే. రూతుకి నూనె రాసి, రెండు జడలు వేసి, క్రిస్మస్‌కి కుట్టించిన గౌను తొడిగారు. జూన్ ఉక్కలో ఆ గౌను చూడగానే నాకు ఏదో తేడా అనిపించింది. అది గదిలోకి వెళ్లే పిల్ల గౌను కాదు, వేదిక ఎక్కే పిల్ల గౌను.

లోపలికి పిలిచేలోగా రూతు పరుగెత్తి తండ్రి దగ్గరకి వెళ్లింది. ప్రభాకర్ వంగి ఆమె బూటు లేసు కట్టాడు. జేబులోంచి గ్లూకోజ్ బిస్కెట్ల పొట్లం తీసి ఇచ్చాడు. “బాగా తిన్నావా బేటా?” అన్నాడు. అతను చెడ్డవాడైతే నా పని సులువయ్యేది.

పిల్ల లోపలికి వెళ్లింది. నేను సాధారణంగా కంగారుపడను, నోటీసు బోర్డు చదువుతాను. ఆ రోజు బోర్డు మొత్తం చదివాను, ఎప్పుడో అయిపోయిన లోక్ అదాలత్ ప్రకటనతో సహా. ఛాంబర్ తలుపు అనుకున్నదానికంటే చాలా ముందే తెరుచుకుంది. పిల్లల విషయంలో త్వరగా ముగియడం మంచి గుర్తు కాదు.

జడ్జిగారు బెంచి మీదకి వచ్చి ఇద్దరు వకీళ్లనీ పిలిచారు. ఆయన బిలాస్‌పూర్ వైపు పెద్దమనిషి, గొంతు ఎప్పుడూ పెంచరు. ఆ రోజు ఇంకా తగ్గించారు.

“వకీల్ సాహిబా, మీ బచ్చీ ప్రతి ప్రశ్నకీ ఆమెన్ అంటోంది.”

జరిగింది ఇది. పేరేమిటని ఆయన అడగగానే రూతు కుర్చీ దిగి, చేతులు కట్టుకుని, గోడ మీద గడియారం వైపు చూస్తూ హిందీలో గడగడా అప్పజెప్పింది: నా పేరు రూతు, నేను మూడో తరగతి, నేను రోజూ రాత్రి మా మమ్మీ దగ్గరే పడుకుంటాను, మమ్మీ నన్ను ఎవరింట్లోనూ వదలదు, ఆమెన్. టాఫీ తింటావా అని ఆయన అడిగితే మళ్లీ పేరు దగ్గర నుంచి మొదలుపెట్టింది. స్కూలు బ్యాగు ఏ రంగని అడిగితే రోజూ రాత్రి మా మమ్మీ దగ్గరే అంది. తండ్రి గురించి అడిగేసరికి గడియారం మీద నుంచి చూపు తిప్పుకుంది. తర్వాత చెప్పింది మళ్లీ పాఠమే, మళ్లీ ఆమెనే.

ఎదుటి వకీలు దూబేగారు లేచారు. చురుకైన మనిషి. నా జవాబునే తెరిచి చదివారు. నైట్ వారాల్లో పిల్ల పొరుగిళ్లలో పడుకుంటుందని తల్లి ప్రమాణ పత్రంలో ఉంది. ఎవరింట్లోనూ పడుకోనని కూతురు అంటోంది. కాబట్టి తల్లయినా అబద్ధం చెప్పి ఉండాలి, పిల్ల చేతయినా చెప్పించి ఉండాలి. రెండింటిలో ఏదైనా పిల్ల మేలు కాదు. ఈ రోజే పిల్లని తండ్రికి అప్పగించాలని కోరారు. వాదన చక్కగా ఉంది. నేను ఆయన స్థానంలో ఉంటే ఒక్క అక్షరం మార్చేదాన్ని కాదు.

వెనక బెంచీ మీద సునీత లేచి నిలబడి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచింది. 

పిల్ల చెప్పింది నేర్పిన పాఠమేనని నేను వెంటనే ఒప్పుకున్నాను. ఒప్పుకోనిది మిగలకుండా చేసుకుంటే ఎదుటివారికి వాదించడానికి కాస్త తక్కువ దొరుకుతుంది. మధ్యాహ్నం దాకా పిల్లని ఇరుపక్షాలకీ దూరంగా కౌన్సెలరు గదిలో ఉంచాలని, తర్వాత జడ్జిగారే మళ్లీ మాట్లాడాలని, ఎవరి దగ్గర ఉంటావని కాకుండా కిందటి వారం ఎలా గడిచిందని అడగాలని కోరాను. కిందటి వారం సునీతకి నైట్.  జడ్జిగారు సరేనన్నారు. మళ్లీ ఆమెన్ వినిపిస్తే మాత్రం దూబేగారి కోరిక గురించి గట్టిగా ఆలోచించాల్సి వస్తుందని కూడా అన్నారు.

భోజన విరామంలో క్యాంటీన్ పక్క చెట్టు నీడలో ఎస్తేరు టీచరుని నిలదీశాను.

“ఏటండి వకీలమ్మా, నానేటి పాపం సేసినాను? పిల్ల బెదిరిపోద్దని నేర్పినాను. పెద్దోల్ల ముందర తడబడకుండా సెప్పాలంటే కంఠతా రావాల గదా?”

“అది స్టేజీ కాదు టీచరుగారూ. జడ్జిగారి గది.”

“గదైతే ఏటి, మడుసుల ముందరే గదా నిలబడాల!”

“అబద్ధం ఎందుకు నేర్పారు?”

“అబద్ధమేటమ్మా! మా ఇల్లు పరాయిల్లా? సాహు దీదీది పరాయిల్లా? ఆ పిల్ల మా ఇంట్ల పడుకుంటే అమ్మ కాడ పడుకున్నట్టు కాదేటి?”

 కనీసం ఆ ఆమెన్ అయినా పెట్టకుండా ఉండాల్సిందన్నాను.

“ఆమెన్ నాను పెట్టలేదమ్మా,” అంది ఎస్తేరు టీచరు. “ఆమెన్ దానంతటదే వొచ్చేస్తాది.”

సునీత టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. ఆమెకి ఇదంతా తెలుసు. నేర్పుతుంటే పక్కనే కూర్చుని కూరగాయలు తరిగిందట. “వద్దని అందామనుకున్నాను మేడమ్ జీ,” అంది. “కానీ వింటుంటే అది నిజమైతే బాగుణ్ణనిపించింది.” తర్వాత నన్నడిగింది: “అనకాపల్లికి ఇక్కడి నుంచి డైరెక్ట్ ట్రైన్ ఉందా?” ఓడిపోయిన మనిషి అడిగే ప్రశ్న అది. టైమ్ టేబుల్ నాకు తెలుసు. తెలియదన్నాను.

భోజనం తర్వాత ఛాంబర్ తలుపు మూసుకుంది. ఈసారి త్వరగా తెరుచుకోలేదు. నోటీసు బోర్డు నాకప్పటికే కంఠతా వచ్చేసింది. ఎస్తేరు టీచరు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. పైకి వినపడకుండా చేసుకొమ్మని బతిమాలాను. ఒకసారి లోపలి నుంచి పిల్ల నవ్వు వినిపించినట్టయింది. సునీత నా మోచెయ్యి పట్టుకుంది. ఆ గోరు గుర్తు ఇంటికి వెళ్లేదాకా ఉంది.

మళ్లీ పిలిచినప్పుడు జడ్జిగారు తాను విన్నది ఇరుపక్షాలకీ చెప్పారు. కౌన్సెలరు పిల్ల జడలు విప్పి వదులుగా మళ్లీ వేసిందట, పాఠం అక్కడే ఊడిపోయినట్టుంది. రూతుకి రెండిళ్లలో రెండు బ్రష్షులు ఉన్నాయి. సాహు దీదీ ఇంట్లో అన్నంలో పప్పు ఎక్కువ వేస్తారు, టీచరు ఆంటీ ఇంట్లో పడుకునే ముందు ప్రార్థన పొడుగ్గా ఉంటుంది. పొద్దున్నే మమ్మీ డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే తల దువ్వడానికి కూర్చుంటుంది. దువ్వుతూ దువ్వుతూ నిద్రపోతుంది. దువ్వెన జుట్టులోనే ఉండిపోతుంది. అప్పుడు రూతు కదలకుండా కూర్చుంటుంది. స్కూలు రిక్షా బెల్లు కొడితే మమ్మీయే ఉలిక్కిపడి లేస్తుంది. అందుకే జడ ఎప్పుడూ వంకరగా ఉంటుంది, మిస్ తిడుతుంది.

పాపా, అంటే నాన్న, దగ్గర ఉండటం ఇష్టమేనా అని ఆయన అడిగితే ఇష్టమేనంది. అనకాపల్లి వెళ్తావా అంటే, పాపా అక్కడికి రారు కదా, పెళ్లిళ్లు ఉంటాయి, అత్త మాత్రమే ఉంటుంది అంది.

జడ్జిగారు ప్రభాకర్‌ని నేరుగా అడిగారు: పిల్ల అనకాపల్లిలో ఉంటే మీరెక్కడ ఉంటారు? ప్రభాకర్ దూబేగారి వైపు చూశాడు. ఫ్యామిలీ కోర్టులో ఆ చూపు పనికిరాదు. భిలాయిలోనే అని చెప్పాడు. సీజన్లో రాత్రిళ్లు ఇంటికి వస్తారా? టెంట్ పని రాత్రిదే సార్, బారాత్ అయ్యి సామాను లెక్క చూసుకునేసరికి తెల్లారుతుంది అన్నాడు. చెబుతున్నప్పుడే అతనికి అర్థమైనట్టుంది. 

“అంటే రాత్రిళ్లు మీ ఇద్దరూ ఇంట్లో ఉండరు,” అన్నారు జడ్జిగారు. “ఉన్న తేడా ఒక్కటే. ఆవిడకి పొరుగువాళ్లున్నారు, మీకు అక్కగారున్నారు. అక్కగారు ఇంకో రాష్ట్రంలో ఉన్నారు.”

అక్కడితో ఆపి ఉంటే నేను గెలిచినట్టు. ఆయన ఆపలేదు. మీకు సీజన్ లేని రోజులుంటాయి కదా అని ప్రభాకర్‌ని అడిగారు. ఉంటాయి. ఛత్తీస్‌గఢ్‌లో ఆషాఢ ఏకాదశికి దేవుడు నిద్రపోతాడు, కార్తీక ఏకాదశికి లేస్తాడు. ఆ మధ్య నెలల్లో పెళ్లిళ్లు జరగవు. టెంట్ హౌస్‌వాళ్లు గోడౌనులో కుర్చీలకి రంగులు వేసుకుంటూ కూర్చుంటారు. అయితే ఆ నెలల్లో తల్లికి నైట్ పడిన వారం పిల్ల తండ్రి దగ్గర పడుకోవడానికి ఎవరికైనా అభ్యంతరమా అని అడిగారు.

సునీత నా వైపు చూసింది. ఆ చూపూ పనికిరాదు. తనే చెప్పింది: “ఆయన సాయంత్రమే తీసుకెళ్లాలి సర్. పొద్దున స్కూలుకి దింపాలి. అంతే.”

ప్రభాకర్ తల వంచుకుని, జడ వెయ్యడం తనకి రాదన్నాడు. కోర్టులో ఆ రోజు నవ్విన మొదటి మనిషి సునీత. వెంటనే చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఉత్తర్వు ఇలా వచ్చింది. మధ్యంతర దరఖాస్తు కొట్టివేయడమైనది. పిల్ల భిలాయిలో తల్లి దగ్గరే ఉండాలి. కోర్టు అనుమతి లేకుండా ఎవరూ జిల్లా దాటించకూడదు. పిల్లని తండ్రి దగ్గరకి పంపే ఏర్పాటు ఆదివారాల లెక్కన కాక, తల్లి నైట్ వారాలనీ తండ్రి పెళ్లిళ్లు లేని నెలలనీ బట్టి కుదురుతుంది. ఇద్దరు క్రైస్తవుల కేసులో పంచాంగం చూసి ఏర్పాటు చేసిన ఉత్తర్వు నా అనుభవంలో అదొక్కటే. చివరి పేరాలో పిల్లకి పాఠం నేర్పడాన్ని కోర్టు గట్టిగా గర్హించింది, మళ్లీ జరిగితే ఏర్పాటు మారుతుందని హెచ్చరించింది. ఆ పేరాని సునీతకి రెండుసార్లు, ఎస్తేరు టీచరుకి మూడోసారి తెలుగులో చదివి వినిపించాను. టీచరు శ్రద్ధగా విని, చివర్లో ఏదో అనబోయి నోరు మూసుకుంది.

ఆషాఢ ఏకాదశి తర్వాత మొదటి నైట్ వారం ప్రభాకర్ స్కూటర్ మీద సెక్టర్ 7 వచ్చాడని, సాహు దీదీ పై నుంచి పప్పు డబ్బా దింపిందని, ఎస్తేరు టీచరు గేటు దగ్గర నిలబడి జాగ్రత్తలు చెప్పిందని తర్వాత విన్నాను. అసలు పిటిషను మరుసటి ఏడాది రాజీలో ముగిసింది. రాజీ పత్రంలో రాసుకున్నది అదే ఏర్పాటు. భార్యాభర్తలు మళ్లీ కలవలేదు. నన్నెవరూ అది అడగలేదు కూడా.

ఆ కేసు తర్వాత నా పద్ధతిలో ఒక మార్పు వచ్చింది. జవాబు దాఖలు చేసేముందు క్లయింటుకి చదివి వినిపించడం వకీలు విధి. రిటైరయ్యేదాకా కస్టడీ కేసుల్లో అది చాలదని నడుచుకున్నాను. పిల్లని చూసుకునే ప్రతి ఇంటివారినీ పిలిపించి, వారికి అర్థమయ్యే భాషలో అదే జవాబు వినిపించేదాన్ని. మనం ఒప్పుకున్నదేమిటో వాళ్లకి తెలియకపోతే, మనల్ని కాపాడదామని దాన్నే కాదంటారు, పిల్ల చేత కాదనిపిస్తారు. పిల్లకి ఎవరైనా ఏదైనా నేర్పారా అని మాత్రం ఎవరినీ అడగలేదు. అడిగితే అందరూ లేదనే అంటారు. పిల్ల సండే స్కూలుకి వెళ్తుందా అని అడిగి, వెళ్తుందంటే ఛాంబర్ తేదీ దాటేదాకా మాన్పించమనేదాన్ని.